గుడివాడలో మార్చిన ఇంజను

బందరులో కరీముల్లా షెడ్డుకి వచ్చే కార్లలో సగం ఇంకెక్కడో బాగుచేయించుకున్నాక పాడైనవే. వేరేవాళ్ళు విప్పి బిగించిన ఇంజన్లో తప్పు పట్టుకోవడమంటే అతనికి మహా సరదా. తొందరలో ఏదో ఒకటి మర్చిపోతారు, ఏదో ఒకటి వదులుగా వదిలేస్తారు. మనిషి చేసిన తప్పు మనిషికి దొరక్కుండా ఎక్కడికీ పోదని అతని నమ్మకం.

ఆ మధ్యాహ్నం కల్పన తన తెల్ల కారు తెచ్చి షెడ్డు ముందు ఆపేసరికి తుంపర మొదలైంది. కల్పనది అవనిగడ్డ, హైస్కూల్లో సైన్సు టీచరు. వాళ్ళ నాన్న బతికుండగా ఆయన కారు కూడా కరీముల్లాయే చూసేవాడు. ఆ చనువుతోనే అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది. తల్లి జ్ఞానమ్మకి బందరు ఆసుపత్రిలో డయాలసిస్ నడుస్తోంది. ఆవిణ్ణి అక్కడ దించి నేరుగా ఇటే వచ్చింది.

"పాత ఇంజను సీజై బిగుసుకుపోయింది బాబాయ్. గుడివాడలో ఒక షెడ్డులో ఇచ్చాం. వాళ్ళే ఎక్కడో సెకండ్ హ్యాండ్ ఇంజను చూసి వేశారు. అప్పట్నుంచీ ఇదే గొడవ. అవనిగడ్డ నుంచి బందరు వచ్చేటప్పుడు చక్కగా వస్తుంది. తిరిగి ఇంటికి వెళ్ళేటప్పుడే ఆగి ఆగి ప్రాణం తీస్తుంది. మొన్న అమ్మని పెట్టుకుని చీకట్లో రోడ్డు పక్కన కూర్చున్నాను."

కరీముల్లా నవ్వాడు. "ఇక్కడికి వచ్చేసరికి ఇంజను వేడెక్కుతుంది కదమ్మా. ఆ వేడికి సెన్సారేదో మొరాయిస్తోంది. అంతే."

స్కానర్ తగిలించి చూశాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. షెడ్డులో ఎంతసేపు ఆన్‌లో ఉంచినా ఇంజను ఒక్కసారీ తడబడలేదు.

"రోడ్డు మీద ఆగితేనే దొరుకుతుంది. ఎక్కమ్మా, పెడన దాకా వెళ్ళొద్దాం. మీ అమ్మగారి పని అయ్యేలోపు వచ్చేస్తాం."

అతను స్టీరింగు పట్టుకున్నాడు, ఆమె పక్కన కూర్చుంది. పెడన వరకు కారు నీళ్ళ మీద పడవలా వెళ్ళింది. అక్కడ అతను గుడివాడ రోడ్డుకేసి ఎడమకి తిప్పాడు. ఇంజను టపీమని ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు, కాస్త కదిలి మళ్ళీ ఆగింది. కరీముల్లా మొహం వెలిగింది.

"చూశావా, ఎడమకి తిప్పితే ఎక్కడో వైరు లాక్కుంటోంది. బందరు వెళ్ళి విప్పుదాం."

వెనక్కి వెళ్దామని ఈసారి కుడికి తిప్పాడు. నడిరోడ్డు మీద అడ్డంగా ఆగిపోయింది. లారీలు హారన్లు కొడుతున్నాయి. అతను కంగారుగా స్టీరింగు ముందుకి, హైవే మీద కృత్తివెన్ను వైపుకి సరిచేసి తాళం తిప్పాడో లేదో, ఇంజను అందుకుంది. ఇంకొంచెం ముందుకెళ్ళి మళ్ళీ ప్రయత్నించాడు. బందరు వైపు తిరిగితే ఆగుతుంది. కృత్తివెన్ను వైపు పెడితే నడుస్తుంది.

అతని మొహంలో నవ్వు పోయింది.

"బాబాయ్," అంది కల్పన మెల్లగా, "మా ఇంటికి వెళ్ళేటప్పుడూ అచ్చం ఇలాగే చేస్తుంది."

"వైరేనమ్మా. ఈ లారీల మధ్య కాకుండా ఎక్కడైనా పక్కకి ఆపి చూస్తాను."

వాన పెద్దదైంది. ఇంకా సాయంత్రం కాకుండానే వెలుతురు తగ్గిపోయింది. రోడ్డుకి రెండు వైపులా రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఒక చెరువు గట్టు మీదికి మట్టిదారి కనిపిస్తే అందులోకి తిప్పాడు. మొదట్లోనే ఆపాలనుకున్నాడు. కానీ కారు ఎంత మెత్తగా పోతోందంటే, కాలు బ్రేకు మీదికి రాలేదు. అద్దంలో చూసుకునేసరికి వెనక హైవే కనిపించడం మానేసింది. అంత లోపలికి ఎందుకు వచ్చాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి అర్థం కాలేదు.

గట్టు సరిగ్గా కారు పట్టేంత ఉంది. అటూ ఇటూ నీళ్ళు. కరెంటు లేనట్టుంది, చెరువులో నీళ్ళు చిలికే చక్రాలన్నీ ఆగి ఉన్నాయి. వాన చప్పుడు, కుళ్ళిన మేత వాసన తప్ప అక్కడ ఇంకేమీ లేదు.

అతను దిగి బానెట్ ఎత్తాడు. వైర్లన్నీ వేళ్ళతో లాగి చూశాడు, ఒక్కటీ వదులుగా లేదు. ఇక మిగిలింది గాలి దారి. ఇంజనుకి గాలి వెళ్ళే పెద్ద గొట్టం ఊడదీసి, స్టార్ట్ చేయమని కల్పనకి సైగ చేశాడు. ఆమె పక్క సీట్లోంచే వంగి తాళం తిప్పింది.

ఏ మెకానిక్కుకైనా తెలిసిన పరీక్షే అది. గాలి పీల్చే నోటికి అరచెయ్యి అడ్డం పెడితే ఊపిరాడక ఇంజను ఆగిపోవాలి.

అతను అరచెయ్యి గట్టిగా అదిమి పెట్టాడు.

ఇంజను ఆగలేదు.

అరచేతిని లోపలికి లాగాల్సిన గాలి బయటికి తోస్తోంది. వెచ్చగా, తడిగా, బురద వాసనతో. కాసేపు తోసింది... ఆగింది... లోపలికి లాగింది... మళ్ళీ తోసింది. నిద్రపోతున్న మనిషి ముక్కు దగ్గర చెయ్యి పెట్టినట్టుంది.

కరీముల్లా చెయ్యి లాగేసుకున్నాడు.

"కల్పనమ్మా, తాళం తీసెయ్."

ఎత్తిన బానెట్ పక్కనుంచి తొంగి చూశాడు. ఆమె అద్దం వెనకనుంచి చెయ్యెత్తి చూపించింది. తాళం ఎప్పుడో తీసేసింది. అది ఆమె చేతిలోనే ఉంది.

"దిగిపో. ముందు దిగిపో."

ఆమె తలుపు లాగుతోంది, భుజంతో తోస్తోంది. రావట్లేదు. అతను పరుగున డ్రైవరు వైపు వచ్చాడు. అతను దిగినప్పుడు తెరిచి ఉంచిన తలుపు అలాగే ఉంది. ఇటునుంచి లాగేద్దామని మోకాలు సీటు మీద వేసి లోపలికి వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అతని వెనకే ఆ తలుపు పడింది. అతని కాళ్ళని కూడా లోపలికి నెట్టి మూసుకుంది.

తాళాలు నాలుగూ ఒకేసారి పడ్డ చప్పుడు.

ఎత్తి ఉన్న బానెట్ దానంతటదే దిగి మూసుకుంది. కారు కదిలింది. మనిషి నడిచినంత నెమ్మదిగా. కరీముల్లా సీట్లోకి సర్దుకుని బ్రేకు తొక్కాడు. పెడల్ రాయిలా ఉంది. హ్యాండ్ బ్రేకు లాగాడు. తేడా లేదు. తలుపు రాదు. అద్దాల స్విచ్చీలు పనిచేయవు. ఏసీ కంతల్లోంచి నీళ్ళు కారడం మొదలైంది. చల్లగా వచ్చి పాదాల చుట్టూ చేరుతున్నాయి. కల్పన వేలు తడిపి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉన్నాయి బాబాయ్... వాన నీళ్ళు కాదు."

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు.

టక్... టక్... టక్...

ఇంజన్లో బేరింగ్ అరిగితే ఇలాగే కొట్టుకుంటుంది. కరీముల్లా ప్రాణం ఆ చిన్న ఆశ పట్టుకుంది. బేరింగ్ చప్పుడైతే ఇంజను వేగంతో పాటు పెరగాలి. అతను యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను హోరెత్తింది.

చప్పుడు పెరగలేదు. అంతే నిదానంగా... టక్... టక్... ఆగి... మళ్ళీ టక్. అలిసిపోతున్నట్టు.

"బాబాయ్," కల్పన గొంతు దాదాపు వినపడలేదు. "ఎవరో లోపల్నుంచి అద్దం కొడుతున్నారు."

"ఏ అద్దం?"

"మనది కాదు."

ముందు గట్టు వాలుగా కిందికి దిగుతోంది. చెరువు ఎండగట్టినప్పుడు ట్రాక్టరు దిగడానికి వేసిన వాలు. దాని చివర నీళ్ళు నల్లగా ఉన్నాయి. కారు ఎడమ వైపు సిగ్నల్ లైటు దానంతటదే వెలిగింది. వాలుకేసి తిరిగింది.

యా అల్లా, అనుకున్నాడు కరీముల్లా. పక్కన కల్పన ప్రభువా ప్రభువా అంటోంది. అతను తన సీటు తలదిండు ఊడలాగాడు. దాని ఇనప ఊచల్ని కల్పన వైపు అద్దం మూలకి పెట్టి బలమంతా వేసి పొడిచాడు. పగల్లేదు. మళ్ళీ పొడిచాడు. ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాయి. మోకాళ్ళ దాకా నీళ్ళు. ఇంకోసారి... అద్దం జల్లున రాలింది.

"దూకు."

ఆమె నడుం పట్టుకుని బయటికి తోశాడు. తను సగం బయటికి వచ్చాక లోపల ఏదో అతని చీలమండ పట్టుకుంది. పెడల్ అయ్యుండొచ్చు. వైరు అయ్యుండొచ్చు. అతను వెనక్కి చూడలేదు. చెప్పు వదిలేసి కాలు లాక్కున్నాడు.

ఇద్దరూ గట్టు మీద బోర్లా పడి చూస్తుండగా కారు నెమ్మదిగా, ఇంటి ముందు షెడ్డులో పెట్టుకున్నంత పొందికగా, నీళ్ళలోకి వెళ్ళిపోయింది. బానెట్ మునిగింది. పైకప్పు మునిగింది. నీళ్ళలో పసుపు లైటు వెలిగి ఆరుతూ లోతుకి పోయింది. ఇంజను చప్పుడు మాత్రం మారలేదు. చాలాసేపు కింద నుంచి వస్తూనే ఉంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని హైవే దాకా నడిచారు. ఆటోలో కల్పన ఒక్కటే మాట అంది.

"అమ్మ ఎదురు చూస్తుంటుంది బాబాయ్."

మర్నాడు పొద్దున్నే కరీముల్లా క్రేను తీసుకుని ఒక్కడే వచ్చాడు. చెరువు లీజుదారు నాగబాబు గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"ఇదివరకు ఇక్కడ ఇంకేదైనా కారు పడిందా అండీ?" అని అడిగాడు కరీముల్లా.

నాగబాబు నీళ్ళకేసి చూశాడు. "తలుపులు రాక లోపలే పోయాడండీ. ఆ బండిని గుడివాడ వాళ్ళు కొనుక్కెళ్ళారు."

కారు పైకి లేస్తుంటే క్రేను అతను ఆశ్చర్యపోయాడు. "ముందు వైపు బరువే లేదేంటండీ?"

కరీముల్లా బానెట్ ఎత్తాడు. ఇంజను లేదు. దాన్ని పట్టి ఉంచే బోల్టులు మాత్రం ఎక్కడివక్కడ బిగించే ఉన్నాయి. ఒక్క బోల్టు మీదా గీత లేదు. దానికి తగిలించిన గొట్టాలన్నీ క్లిప్పులతో సహా ఖాళీలోకి వేలాడుతున్నాయి.

వాటిలో రేడియేటర్ గొట్టాన్ని అతను చేత్తో పట్టుకున్నాడు.

రాత్రంతా నీళ్ళ అడుగున ఉన్న గొట్టం, అరచెయ్యి కాలేంత వేడిగా ఉంది.