చూడకుండా పెట్టిన టిక్కు

ఆ ఇంట్లో పొద్దున్న ఆరున్నరకి కాఫీ కంటే ముందు జబ్బు తయారవుతుంది.

"రా అమ్మాయ్, కూర్చో. ఇవాళ నాకేం జబ్బో కనుక్కో చూద్దాం," అంది అత్తగారు కిటికీ పక్క కుర్చీలో సర్దుకుంటూ.

కోడలు స్టెతస్కోపు మెడలో వేసుకుని, అట్టకి కాగితం తగిలించి ఎదురుగా స్టూలు లాక్కుంది. పదహారేళ్ళుగా ఆసుపత్రి వార్డులో నర్సు ఆవిడ. నలభై ఒకటో ఏట మళ్ళీ పుస్తకాల సంచీ భుజాన వేసుకుంది. నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు, రెండేళ్ళ పీజీ. అది పాసయితే రోగిని తనే పరీక్ష చేసి, జబ్బేమిటో తనే తేల్చి, మందు తనే రాయొచ్చు. ఇన్నేళ్ళూ జబ్బు కళ్ళెదుట కనిపిస్తున్నా "డాక్టరుగారికి చెప్తాను" అనడం తప్ప ఇంకో మాట అనే వీల్లేదు. ఎందుకొచ్చింది, ఎప్పట్నించి, ఏం చేస్తే తగ్గుతుంది అనే ప్రశ్నలన్నీ కడుపులో దాచుకుని బతికిన మనిషి, ఇప్పుడు అడగమన్నారు కదా అని కనపడ్డవాళ్ళనల్లా అడుగుతోంది. పాలవాడిక్కూడా మోకాలు నొప్పి ఎప్పట్నించో ఆవిడకి తెలుసు.

కోర్సు వాళ్ళు ఇరవై తనిఖీ కాగితాలు నింపి తెమ్మన్నారు. తల నుంచి పాదాల దాకా అరవై గడులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని చూసినా సరే. మామూలు ఒళ్ళు ఎలా ఉంటుందో చేతికి అలవాటైతేనే కదా తేడా తెలిసేది. "నేనున్నాగా!" అని ముందుకొచ్చింది అత్తగారు. నలభై ఏళ్ళు టైలరింగ్ చేసిన మనిషి, ఊరికే కూర్చోమంటే కూర్చుంటుందా? తనిఖీకి తోడు ఓ ఆట కల్పించింది. రోజుకో జబ్బు నటిస్తుంది, కోడలు ప్రశ్నలేసి పట్టుకోవాలి. జబ్బులెక్కడివీ అంటే, కోడలి పుస్తకం బల్లమీద తెరిచి ఉంటే బొమ్మలు చూసి "ఇదేంటే?" అని అడిగి, మర్నాటికి దాన్నే తెచ్చుకునేది. ఒకసారి ప్రోస్టేట్ వాపు కూడా తెచ్చుకుంది.

"అత్తయ్యా, అది మగవాళ్ళకే వస్తుంది!"

"అలాగా? బొమ్మలో తెలీలేదే!" అని ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఇవాళ మాత్రం అత్తగారు కొంచెం ఆలోచించి మొదలుపెట్టింది. "పడుకుంటే ఆయాసం. రెండు దిండ్లు చాలట్లా. మూడోది పెట్టుకుంటే గానీ ఊపిరాడట్లా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు."

"మెట్లెక్కితే?"

"మధ్యలో ఆగాలి."

కోడలు పెన్ను మూసి నవ్వింది. "దొరికిపోయారు! నిన్న మీరు పన్నెండో పాఠంలో బొమ్మ చూశారు. గుండె నీరసించి నీరు చేరడం. అబ్బ, ఇవాళ ఏం నటించారు అత్తయ్యా! పదికి పది."

అత్తగారు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తనూ నవ్వింది. "నీ దగ్గర దాచలేం."

కోడలు గుండె విన్నది, ఊపిరి విన్నది, పొట్ట నొక్కి చూసింది. తేడా ఏమీ తోచలేదు. పాదాల దగ్గరికి వచ్చేసరికి అత్తగారు ఎప్పటిలాగే కాళ్ళు కుర్చీ కిందకి లాక్కుంది. "వద్దమ్మా, చక్కిలిగింతలు. పో, నీకు ఆలస్యమవుతోంది." నేల చల్లదనం పడదని ఆవిడ రోజూ సాక్స్ వేసుకునే ఉంటుంది. కోడలు గోడ గడియారం చూసి, "కాళ్ళలో వాపు లేదు" అన్న గడిలో టిక్కు పెట్టేసి లేచింది.

"అయిందా మీ నాటకం కంపెనీ?" అంటూ కొడుకు స్పానర్ల సంచీతో వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. "ఈ వయసులో మీ ఆవిడకి చదువేమిట్రా అని మా వాళ్ళంతా అడుగుతున్నారు. ఇంట్లో ఆట కోసమని చెప్పనా?"

"చెప్పండి. వాళ్ళకి మోకాళ్ళ నొప్పులుంటే ఎన్నాళ్ళ నుంచో కూడా కనుక్కుని రండి," అని కోడలు చెప్పులేసుకుంది.

రెండు వారాలు తిరక్కుండానే ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ భవనంలో లిఫ్టు ఆగిపోయింది. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసేవాడి ఇంట్లో లిఫ్టు ఆగితే ఎవరికైనా నవ్వే. అతను నవ్వుకుంటూనే కిందకి దిగి మోటారు గది తాళం తీస్తుంటే, దారాల ఉండలు కొనుక్కొచ్చిన తల్లి మెట్లెక్కింది. రెండో అంతస్తు మలుపులో కూలబడిపోయింది. పెదాలు నీలంగా మారాయి. మాట రావట్లేదు.

ఆసుపత్రిలో గుండె డాక్టరు సూటిగా చెప్పాడు. గుండె బలహీనపడింది, నెలకి పైనే అయి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, మందులకి తగ్గుతుంది గానీ ఇకనుంచి జాగ్రత్త. కాళ్ళమీద వేలు పెట్టి నొక్కితే బంకమట్టిలా గుంట పడింది. కోడలు ఆ గుంట చూసి గోడకి ఆనుకుపోయింది.

బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళిన కోడలు అల్మారా తెరిచింది. సాక్స్ ఆరు జతలు ఉన్నాయి. ఆరింటికీ పైనున్న ఎలాస్టిక్ కత్తిరించి, అంచు మడిచి, అదే రంగు దారంతో సన్నగా కుట్టి ఉంది. ఎంత నీటుగా కుట్టిందంటే తీసి చూస్తే గానీ తెలీదు. వాచిన కాళ్ళకి ఎలాస్టిక్ గీత పడకుండా చేసుకుంది మహాతల్లి! ఎప్పుడు కుట్టింది? ఎందుకు కుట్టింది? ఆ ప్రశ్న వెంటే ఇంకోటి వచ్చి కోడలి గుండెలో గుచ్చుకుంది. నేనెందుకు చూళ్ళేదు?

సాయంత్రం ఆసుపత్రి వరండాలో మొగుడు అదే అడిగాడు.

"నెలరోజులుగా పొద్దున్నే మా అమ్మ గుండె వింటున్నావు. ఏం విన్నావు?"

ఆమె సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ. వాపు లేదని టిక్కు పెట్టాను. కాళ్ళు చూడకుండా పెట్టాను. ఆవిడ నిజం చెప్తే నటననుకున్నాను."

"చూడకుండానా?" అతని గొంతు లేచింది. పక్క బెంచీలో వాళ్ళు తిరిగి చూశారు. "వార్డులో పరాయివాళ్ళకైతే ఇలాగే చేస్తావా?"

"చెయ్యను."

"మరి మా అమ్మ ఏం పాపం చేసింది? చాలు నీ చదువు. మానెయ్!"

"మానేస్తాను," అంది ఆమె. వాదించలేదు. దానికే అతను తెల్లబోయాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఆమె ఒక్కమాటకి ఒప్పుకోవడం అదే మొదటిసారి.

మూడో రోజుకి అత్తగారికి మాట తేలిగ్గా వచ్చింది. కోడలు మంచం పక్కన కూర్చుని, సాక్స్ ఒకటి ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"చెప్పానుగా!"

"ఆటలో చెప్పారు. నిజంగా ఎందుకు చెప్పలేదు?"

అత్తగారు దుప్పటి అంచు వేళ్ళతో కొలుస్తున్నట్టు నెమ్మదిగా జరిపింది. "ఐదేళ్ళ క్రితం నీకు ఇదే చదువుకి సీటొచ్చింది. మీ మామగారు మంచం పట్టారు. నువ్వు ఎవర్నీ అడక్కుండా కాగితం చింపేసి ఎనిమిది నెలలు ఆయన్ని చూశావు. ఆయన పోయాక ఒక్కసారైనా దాని గురించి నోరు విప్పావా? ఇప్పుడు నాకు జబ్బంటే మళ్ళీ మానేస్తావు. అది నా కంఠంలో ప్రాణముండగా జరగకూడదనుకున్నా. ఆటలో చెప్పి చూద్దాం, పట్టుకుంటే నీ గెలుపు, పట్టుకోకపోతే వయసు ఆయాసమే అయ్యుంటుంది అనుకున్నా. ముసలిదాని తెలివి అంతే మరి!"

"మానేస్తున్నాను," అంది కోడలు.

"చంపుతా!" అంది అత్తగారు. అనేసి ఆయాసపడింది.

గుమ్మంలో నిలబడిన కొడుకు లోపలికొచ్చి తల్లికి మంచినీళ్ళు తాగించాడు. పెళ్ళాం వైపు చూడకుండానే మాట్లాడాడు. "లిఫ్టులో ఒక కార్డు వేలాడుతుంది, చూశావా? లిఫ్టుని మోసే ఉక్కు తాడు సరిగ్గా ఉందని నెలనెలా సంతకం పెట్టాలి. కొత్తలో ఒక భవనంలో, నాకు బాగా తెలిసిన లిఫ్టే కదా అని తాడు చూడకుండా పెట్టేశా. పది రోజులకి ఒక పోగు తెగింది. దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు. పని మానేద్దామనుకున్నా."

"మానలేదేం?" కోడలికి ఆ కష్టంలోనూ అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

"మా మేస్త్రి మాననివ్వలేదు. తప్పు చెప్పుకోమన్నాడు, మళ్ళీ తాడు పట్టుకు చూడమన్నాడు. అంతే." అతను గ్లాసు కింద పెట్టాడు. "మొన్న మానెయ్ అన్నది కోపం. నువ్వు చేసింది తప్పే. కానీ మానకు."

మర్నాడు ఆమె కాలేజీకి వెళ్ళింది, శిక్షణ చూసే పెద్ద మేడం గదికి. ఈ కోర్సులో మొదటి బ్యాచ్ మనిషి ఆవిడ. జుట్టు నెరిసినా ప్రశ్నలు నెరవలేదు. కోడలు కాగితం బల్లమీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. తిట్లు తినడానికి తయారుగా నిలబడింది.

మేడం తిట్టలేదు. అద్దాలు పైకి జరుపుకుని, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఎందుకు పెట్టావు టిక్కు?"

"ఆలస్యమైంది..."

"అది కాదు. వార్డులో నీకు రోజూ ఆలస్యమే. ఎందుకు?"

ఆమె కాగితం మీద ఆ టిక్కుని వేలితో ముట్టుకుంది. "ఆవిడ నాకు తెలుసు అనుకున్నాను, మేడం."

"ఊఁ," అంది మేడం. "ఇరవై కాగితాలూ చెల్లవు. మళ్ళీ చెయ్యి. మూడు వారాల టైముంది. కుదరకపోతే ఏడాది పోతుంది, అది నీ ఇష్టం."

ఏడాది పోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మళ్ళీ ఏదో ఒకటి అడ్డం పడుతుంది, ఇక ఈ జన్మకి కాదు. "చేస్తాను," అని కొత్త కాగితాల కట్ట చంకన పెట్టుకుని బయటపడింది.

వారానికి అత్తగారు ఇంటికొచ్చింది. కోడలు కొత్త కాగితాలన్నీ ఆరోగ్యంగా ఉన్న ఇరుగుపొరుగు వాళ్ళకి వాడేసి, ఒక్కటి మాత్రం ఈవిడకి అట్టిపెట్టింది. ఆ ఆఖరి కాగితం నింపే పొద్దున స్టూలు వేసుకోలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అత్తగారి కాళ్ళు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ లాక్కోబోతే వదల్లేదు.

"చక్కిలిగింతలే!"

"నవ్వండి. ఎవరొద్దన్నారు?"

సాక్స్ విప్పి, బొటనవేలితో చీలమండ పైన నొక్కి, మనసులో లెక్కపెట్టి, వేలు తీసి చూసింది. చిన్న గుంట. తీరిగ్గా మళ్ళీ నిండింది. "ఇంకా కాస్త నీరుంది. మొన్నటికి సగం," అని రాసుకుంది. తర్వాత తలెత్తింది. "ఇప్పుడు ఒకటి అడుగుతాను. ఇది అరవై గడుల్లో లేదు. మీకు భయంగా ఉందా అత్తయ్యా?"

అత్తగారు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"ఉందే," అంది. "చాలా భయంగా ఉంది. ఆయన పోయేటప్పుడు కూడా అడగలేదు నన్నెవరూ. నేనూ ఎవరికీ చెప్పుకోలా." కన్నీళ్ళు జారిపోతుంటే తుడుచుకోలేదు. "కాయితం మీద రాస్తావా అది?"

కోడలు కళ్ళు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కుంది. "ఏమని రాయను?"

"నేనన్నట్టే రాయి. రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాయాలని నువ్వే చెప్పావుగా!"

కోడలు ఏడుస్తూనే పెన్ను తీసి, కాగితం చివర ఖాళీ చోట రాసింది. 'చాలా భయంగా ఉంది. అడిగితే చెప్పింది.'