సింకు తాగేసిన ఫోలేట్

"నాన్నా, పక్కకి జరుగు! వేడి నీళ్లు!"

పిడుగు గిన్నెకి మూత అడ్డం పెట్టి, ఉడికిన ఆకుకూరలోని నీళ్లన్నీ సింకులోకి ఒంపేసింది. పచ్చటి నీళ్లు గుడగుడమంటూ పైపులోకి పోయాయి. ఆ పిల్ల అసలు పేరు స్కూలు రిజిస్టర్లో ఉంది కానీ, ఇంట్లో మాత్రం పిడుగే. పదకొండేళ్లకే అంత పట్టుదల మరి!

"ఎంతసేపు ఉడికిస్తావే? ఎన్నిసార్లు కడుగుతావే?" అన్నాడు నాన్న.

"తరిగాక మూడుసార్లు కడిగా. మట్టి ఉంటే అమ్మకి పడదు. నువ్వు మాట్లాడకు నాన్నా, నాకన్నీ తెలుసు."

ఇదంతా అమ్మ కోసమే. అమ్మ సిటీ బస్సు డ్రైవరు. నెల కిందట స్టీరింగ్ దగ్గర ఆమెకి కళ్లు తిరిగాయి. బస్సు స్టాపులో ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. డిపో డాక్టరు రక్తపరీక్ష చేయించాడు.

"ఫోలేట్ కాస్త తక్కువగా ఉందమ్మా. అదొక బి విటమిన్. ఒంట్లో కొత్త రక్తం తయారవ్వాలంటే అది కావాలి. ముందు తిండితో చూద్దాం. రోజూ ఆకుకూరలు, పప్పులు తిను. అది పెరిగేదాకా మాత్రం బస్సు నడపడానికి వీల్లేదు" అన్నాడు.

అప్పటినుంచి అమ్మ డిపో కౌంటర్లో కూర్చుని పాసుల మీద స్టాంపులు వేస్తోంది. ఇంటికొచ్చాక కిటికీలోంచి వెళ్లే బస్సుల్ని చూస్తూ ఉంటుంది. అలా చూస్తుంటే పిడుగు ప్రాణం ఉసూరుమనేది. "నిన్ను మళ్లీ బస్సెక్కించే పూచీ నాది" అని చెప్పి, ఆకుకూర వంట తన చేతుల్లోకి తీసుకుంది.

అలా పచ్చటి నీళ్లు సింకులో ఒంపేసిన మర్నాడు సైన్స్ క్లాసులో విటమిన్ల పాఠం. టీచర్ బోర్డు మీద 'ఫోలేట్' అని రాశారు.

"లాటిన్ భాషలో ఆకుని ఫోలియం అంటారు. దీన్ని పాలకూర ఆకుల్లోంచి తీశారు కాబట్టి ఆ పేరొచ్చింది."

పిడుగు చెయ్యెత్తలేదు, ఏకంగా లేచి నిలబడింది.

"మా ఇంట్లో రోజూ నేనే వండుతా టీచర్! సన్నగా తరిగి, మూడుసార్లు కడిగి, మెత్తగా ముద్దయ్యేదాకా ఉడికించి, నీళ్లు పారబోసి అమ్మకి పెడతా."

టీచర్‌కి నవ్వాగలేదు. "అయితే ఈపాటికి మీ సింకుకి బాగా రక్తం పట్టి ఉంటుంది!"

క్లాసంతా గొల్లుమంది. పిడుగు ముఖం జేవురించింది.

"అంటే, కడక్కుండా మా అమ్మకి మట్టి పెట్టమంటారా టీచర్?"

టీచర్ నవ్వు ఆగిపోయింది. "నేనలా అనకుండా ఉండాల్సింది. ఇలా రా." ల్యాబ్ బీరువాలోంచి ఉప్పు తీసి గ్లాసు నీళ్లలో వేసి కలిపారు. "ఉప్పేదీ?"

"నీళ్లలో కలిసిపోయింది."

టీచర్ గ్లాసు కిటికీలోంచి బయట ఒంపేశారు. "ఇప్పుడో?"

పిడుగుకి అర్థమైపోయింది.

"ఫోలేట్ కూడా నీళ్లలోకి దిగిపోతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే పాడవుతుంది కూడా. ఆకులు కడగాల్సిందే, కానీ తరగకముందే కడగాలి. నీళ్లు కొంచెమే పోసి, మూత పెట్టి, అవి కూరలోనే ఇగిరిపోనివ్వాలి."

ఆ సాయంత్రమే అమ్మ రెండో పరీక్ష రిపోర్టు వచ్చింది. అమ్మ వెంట పిడుగు కూడా వెళ్లింది. డిపో డాక్టరు కాగితం చూసి కళ్లజోడు కిందికి జార్చాడు.

"ఏం పెరగలేదు. అసలు ఆకుకూరలు తింటున్నావా?"

"రోజూ తింటున్నానండీ."

"అందరూ నాతో అదే చెప్తారు. తింటే ఎంతో కొంత కదలాలి కదమ్మా! ఇలా నిర్లక్ష్యం చేస్తే ఇక ఆ కౌంటరే గతి."

అమ్మ తల దించుకుంది. పిడుగు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ చెయ్యని తప్పుకి అమ్మ మాటలు పడుతోంది. దిగ్గున లేచింది.

"అమ్మ నిజమే చెప్తోందండీ! రోజూ గిన్నెడు తింది. విటమిన్ నేనే సింకులో పారబోశాను. తప్పు నాది. అమ్మని ఏమీ అనకండి."

గుక్కతిప్పుకోకుండా జరిగిందంతా చెప్పింది. డాక్టరు కళ్లజోడు పైకి సర్దుకున్నాడు.

"చెప్పి మంచిపని చేశావు. లేకపోతే లేని జబ్బు కోసం వెతికేవాణ్ణి. క్షమించమ్మా, నిన్ను ఊరికే అన్నాను" అని, మాత్రలు రాసిచ్చాడు. "వీటితోపాటు కూర కూడా తినాలి. సరిగ్గా వండిన కూర!"

దారిలో పిడుగు ఉండబట్టలేక అడిగింది. "ఆ చప్పటి ముద్ద ఎలా తిన్నావమ్మా? ఒక్కసారైనా చెప్పొద్దూ?"

"అంత కష్టపడి వండుతున్నావు కదే, ఎలా చెప్పను?"

"ఇకనుంచి చెప్పేయ్. నేనేమీ అనుకోను." కళ్లు తుడుచుకుని గబగబా నడిచింది.

ఆ పూట ఆకులు ముందే కడిగింది. నాన్న చేత తరిగించింది. గ్లాసు పట్టుకుని, "నాన్నా, నీళ్లు ఇంత చాలా?" అని అడిగింది. నాన్న తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు.

కొన్ని వారాల తర్వాత డాక్టరు కొత్త రిపోర్టు మీద సంతకం పెట్టాడు. "రేపట్నుంచి బస్సెక్కొచ్చమ్మా. ఏం పిడుగూ, ఇదంతా నీ చలవేనా?"

'నేనే' అన్న మాట పిడుగు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"కొంత మీ మాత్రలండీ. కొంత మా టీచర్. తరిగింది నాన్న."

"మరి నువ్వు?"

"నేను అడిగి వండానండీ."

అమ్మ ఇవేమీ వినలేదు. బస్సు తాళాల కోసం అప్పటికే కౌంటర్ వైపు పరుగు తీస్తోంది.