పుట్టింటికి పోయిన కోడలు

ఆదివారం పొద్దున పాలవాడి బండి చప్పుడుకే వనితకు మెలకువ వచ్చింది. వచ్చి ఏం లాభం? బాల్కనీలోకి పోయి నలుగురి ముఖాలు చూసే యోగం లేదాయె. లెక్క ప్రకారం ఆమె ఆ ఇంట్లోనే లేదు. అమీర్‌పేట సందులో ఆ బిల్డింగంతా ఎరిగిన సంగతి ఒక్కటే. పై అంతస్తు రుద్రమ్మ కోడలు సిద్దిపేటలోని పుట్టింటికి పోయింది, వాళ్లమ్మ కాలు విరిగింది, ఎప్పుడొస్తుందో తెలియదు.

కాలు విరగడం పరువైన రోగం, పదిమందికీ చెప్పుకోవచ్చు. రొమ్ములో గడ్డ అట్లా కాదట. ఆ మాట పొక్కితే మాసబ్ ట్యాంక్ వాళ్లు మనవరాలు యశస్విని సంబంధం వదులుకుంటారని రుద్రమ్మ భయం. "తల్లికొస్తే బిడ్డకు సుత వస్తదంటరు. పెండ్లి అయ్యేదాక నోరు కుట్టుకోండ్రి" అని ఇంట్లో అందరికీ హుకుం వేసింది. కొడుకు విక్రమ్ తల్లి గీసిన గీత దాటే మనిషి కాదు. బిడ్డ బాగు కోసమే కదా అని వనిత కూడా తలూపింది.

ఎండాకాలం నుంచీ వెనక గదే ఆమె లోకం. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. దగ్గు వస్తే దిండులో ముఖం దాచుకోవాలి. పంజాగుట్ట ఆసుపత్రికి మందు ఎక్కించుకోవడానికి పోయే రోజు కూడా చీకటితోనే, తలకు ముసుగేసుకుని దొంగలా దిగాలి. ఇది అంటుకునే రోగం కాదని డాక్టరమ్మ చెబితే రుద్రమ్మ బుద్ధిగా తలూపింది. ఇంటికొస్తూ దారిలో కోడలికి వేరే కంచం, వేరే గ్లాసు కొన్నది. అన్నం వేళకు తలుపు కాస్త తెరిచి, కంచం లోపలికి నెట్టి, "తిను" అనేసి వెళ్లిపోయేది.

ఆ రోజు బల్కంపేట ఎల్లమ్మకు బోనం. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం కోడలే ఎత్తాలి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ వనితే ఎత్తింది. ఇప్పుడు హాల్లో యశస్విని కుండకు పసుపు రాసి బొట్లు పెడుతుంటే, బెల్లమన్నం వాసన తలుపు సందులోంచి గదిలోకి వస్తోంది.

"అమ్మ ఎత్తదా నానమ్మా?"

"నెత్తిన ఒక్క ఎంట్రుక లేకపాయె, ఎట్లెత్తుతది? ముత్తైదువ గుండు మీద బోనం పెడితే తల్లి ఊకుంటదా? నువ్వే ఎత్తు."

లోపల వనిత తల తడుముకుంది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. రోగం వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు కోపం రావడం అదే మొదలు.

అంతలో వీధి తలుపు చప్పుడైంది. కింది అంతస్తు మగ్దలీనమ్మ, వనితకు ప్రాణ స్నేహితురాలు.

"పెద్దమ్మా, బోనాలకు సుత వనిత రాలేదా? ఫోనెత్తదు. మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మ పంపుతది."

"వాళ్లమ్మ మంచం మీదున్నది. ఇడిసిపెట్టి ఎట్లొస్తది?"

"అయ్యో పాపం. ఇయాల చర్చిలో ఆ పెద్దామె కాలు కోసం ప్రార్థన చేపిస్త. పేరు అడుగుత ఉండుండ్రి" అంటూ మగ్దలీనమ్మ ఫోను కలిపింది.

వనిత ఫోనులో వెలుగు వచ్చింది. శబ్దం ఎప్పుడో తీసేశారు. ఊరుకుంటే ఆ వెలుగు దానంతటదే ఆరిపోతుంది. కానీ సిద్దిపేటలో నిక్షేపంగా తిరుగుతున్న అమ్మ కాలికి ప్రార్థన! తనకు మాత్రం పలకరింపు కూడా లేదు. ఇంక ఆగలేకపోయింది. ఫోనెత్తి, తలుపు అవతలికి వినబడేటట్టే అన్నది.

"మా అమ్మ కాలు మంచిగనే ఉన్నది మగ్దలీనా. ఆ ప్రార్థనేదో నా కోసం చేపియ్యి."

గడియ తీసుకుని హాల్లోకి వచ్చింది. ముసుగు లేదు. మగ్దలీనమ్మ ఆ బోడి తలనూ, పీక్కుపోయిన బుగ్గలనూ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కిందనే ఉంటి గదనే! ఒక్కనాడన్న చారు పట్టుకొస్తును" అని ఆమెను కావలించుకుని బోరుమంది.

"కొంప ముంచినవ్!" రుద్రమ్మ అరిచింది. "పిల్ల బతుకు బజార్ల పెట్టినవ్!"

"దాని పెండ్లి కోసం నేను బతికుండంగనే లేకుంట పోవాల్నా అత్తమ్మా?" అన్నది వనిత. "కుక్కకు గిన్నె పెట్టినా తల నిమురుతరు. మీరు నాకు కంచం తలుపు సందులకెళ్లి నెడుతున్నరు. నా మొఖం చూసి ఎన్నాళ్లాయె?"

రుద్రమ్మ కంచం నెట్టిన తన చేతిని తనే చూసుకుంది. తరువాత గోడకానుకుని నేల మీద కూలబడింది.

"మా అక్కకు సుత గిట్లనే గడ్డ లేసింది" అన్నది. "గొడ్ల కొట్టంల మంచమేసిండ్రు. మా అమ్మ కట్టెతోటి గంజి గిన్నె నెట్టేది. అక్కా అని నేను పోతే ఈడ్చుకొచ్చి కొట్టేది. అక్క గడ్డతోటి సచ్చిందో, ఒక్కతే ఉండి సచ్చిందో నాకిప్పటికీ తెల్వదు. మా అమ్మను జిందగీ అంతా తిట్టుకున్న. గదే పని నేను చేసిన బిడ్డా."

ముసలామె వెక్కి వెక్కి ఏడ్చింది. అరుపులకు గదిలోంచి వచ్చిన విక్రమ్‌కు ఆమె ఏడవగా చూడటం అదే మొదటిసారి. తల వంచుకుని వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"మాసబ్ ట్యాంక్ వాళ్లకు నేనే చెప్త నానమ్మా" అన్నది యశస్విని. "మా అమ్మకు రోగమని వద్దనేటోళ్ల ఇంటికి నేనే పోను."

సందు చివర డప్పులు మొదలయ్యాయి. రుద్రమ్మ ముక్కు చీదుకుని లేచింది. కొత్త గుడ్డ తడిపి చుట్ట చుట్టింది. కోడలి బోడి తల మీద ముందు అరచెయ్యి పెట్టి, మెల్లగా నిమిరి, ఆ చుట్ట పెట్టింది.

"గుంపులకు పోవద్దన్నది డాక్టరమ్మ. గేటు దాక నువ్వెత్తు. ఆడికెళ్లి పిల్ల ఎత్తుతది."

"బలం లేదత్తమ్మా, పడిపోతదేమో."

"నేను పట్టుకుంట. నడువ్."

విక్రమ్ బోనం ఎత్తి భార్య తల మీద పెట్టాడు. రుద్రమ్మ ఒక చేత్తో కుండనూ, ఇంకో చేత్తో కోడలి నడుమునూ పట్టుకుని మెట్లు దిగించింది. గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. "వనితా, పుట్టింటికెళ్లి ఎప్పుడొచ్చినవ్?" అన్నది ఒకామె.

వనిత జవాబు చెప్పేలోపే రుద్రమ్మ బిల్డింగంతా వినబడేటట్టు అన్నది.

"యాడికీ పోలే. నా కోడలు ఇంట్లనే ఉన్నది. క్యాన్సరొచ్చింది. సాయంత్రం ఒక్కొక్కరు వచ్చి పలకరించి పోండ్రి."