హీటర్ వైరు చుట్టి పెట్టిన దొంగ

సోమవారం పొద్దున ఏడు నలభై. మైనస్ ఏడు డిగ్రీలు.

రెయినో పాలు పితికి కొట్టంలోంచి బయటికొచ్చేసరికి వాకిట్లో కారు లేదు. చలికి బిగుసుకుపోకుండా ఇంజిన్‌ని కరెంటుతో వేడి చేసే హీటర్ స్తంభం ఉంది. దాని కొక్కేనికి వైరు ఉంది. కారే లేదు.

పావుగంటలో కానిస్టేబుల్ హెల్కా దిగింది. ఫిన్లాండ్‌లో మా మూలకంతటికీ ఆవిడొక్కతే పోలీసు. జీపులో సగం ఆవిడ, సగం కాఫీ ఫ్లాస్కు.

"ఏ కారయ్యా?"

"మిస్కాది."

ఫ్లాస్కు మూత తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

మిస్కా కారు తెలియనివాళ్లు మా దగ్గర లేరు. పదమూడొందల సీసీ. ముసలమ్మల్ని చర్చికి తీసుకెళ్లడానికి తప్ప దేనికీ పనికిరాని బండి. మిస్కా దాన్ని రేసు కారు చేశాడు, అదీ చేతిలో చిల్లిగవ్వ లేకుండా. తుక్కు మోటార్‌సైకిల్ కార్బ్యురేటర్లు బిగించాడు. డెయిరీ వాళ్లు పారేసిన స్టీలు గొట్టంతో సైలెన్సర్ చేశాడు. సిలిండర్ హెడ్డు వంటింటి బల్ల మీద పెట్టుకుని, చలికాలమంతా ఆకురాయితో గాలి దారులు వెడల్పు చేశాడు. ఆ ఏడాది వాళ్లింట్లో చేపల సూపు తిన్నవాళ్లు అయస్కాంతానికి అతుక్కోకపోవడానికి ఒకటే కారణం, సూపులో పడ్డ రజను ఇనుము కాదు, అల్యూమినియం. ఆఖర్న కంప్రెషన్ పెంచడానికి హెడ్డు అడుగు కోయించాడు.

మంచు కరక్కముందే మిస్కా క్యాన్సర్‌తో పోయాడు. ఇరవై రెండేళ్లు. ఆ ఇంజిన్ చప్పుడు ఒక్కసారి కూడా వినలేదు.

ఆదివారం రేసులో చెల్లెలు సైమి దాన్ని నడిపింది. గెలిచింది.

ఆ గెలవడంతోనే వచ్చింది చిక్కంతా. మా పల్లె రేసుల్లో ఓ రూలుంది. రేసవగానే ఏ కారునైనా, ఎవరైనా, ఒకే ఫిక్సెడ్ రేటుకి కొంటానని అడగొచ్చు. పదిమంది అడిగితే చీటీ తీస్తారు. ఇవ్వనంటే లైసెన్స్ రద్దు. డబ్బున్నోడు కారు మీద కుమ్మరించకుండా పెట్టిన రూలది.

మిస్కా కారుకి పంతొమ్మిది చీటీలు పడ్డాయి. రెయినో పేరొచ్చింది. మిస్కా నాన్న తైస్తో కారు అప్పజెప్పి పక్కకి జరిగాడు. కొడుకు చేతి పని ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. ఆయన ఏం అనలేదు. రెయినో కూడా ఏం అనలేదు. మా ఊళ్లో ఇద్దరు మగాళ్లు వాన గురించి రెండు ముక్కలు మాట్లాడుకుంటే సాయంత్రానికి గొంతు నొప్పి.

"చప్పుడు వినపళ్లేదా?" అంది హెల్కా. "ఆ కారు స్టార్ట్ చేస్తే పక్క జిల్లాలో కిటికీలు అదురుతాయి."

"పాల మిషన్ నడుస్తోంది. ఆరు నుంచి ఏడున్నర దాకా."

"ఆ టైం ఎవరికి తెలుసు?"

"ఆవులున్నోళ్లందరికీ."

"నిన్న తైస్తో మొహం ఎలా ఉంది?"

"చూళ్లేదు. బూట్లు చూశా."

హెల్కా వైరు చూసింది. చుట్లన్నీ ఒకే సైజు. మంచు పడకుండా ప్లగ్గు కిందికి తిప్పి ఉంది.

"నువ్వేనా చుట్టింది?"

"కాదు."

"హీటర్ టైమర్ ఐదుకి ఆనయ్యేలా పెట్టుంది. అది?"

రెయినో కొట్టం వైపు చూశాడు. "నేనే."

"ఎందుకు?"

"చలి."

తొమ్మిదింటికి హెల్కా పెట్రోల్ బంకు కెఫేలో ఉంది. సైమి ఐదింటి నుంచీ అక్కడే బన్నులు కాలుస్తోంది.

"ఎందుకమ్మాయ్ గెలిచావు?"

"నాన్న మెల్లగా పొమ్మన్నాడు. నాలుగో ప్లేసులో వస్తే ఎవడూ అడగడన్నాడు. అలాగే అన్నాను కూడా." సైమి బన్నుల ట్రే పక్కకి నెట్టింది. "మూడో గేరు పడగానే అన్న పక్కన కూర్చుని ఇకిలిస్తున్నట్టే ఉంది, హెల్కా. కాలు ఎత్తలేకపోయాను."

"ఆ ఇంజిన్‌కి ఏం పెట్రోలు పోస్తారు?"

"తొంభై ఎనిమిది ఆక్టేన్‌ది ఒక్కటే. హెడ్డు కోసేశాడుగా. మామూలుది పోసి గట్టిగా తొక్కితే లోపల ముందే పేలుద్ది. పిస్టన్‌కి బొక్క పడుద్ది."

"నాన్నకి తెలుసా?"

"అన్న నాకొక్కదానికే చెప్పాడు." సైమి అప్పటికే శుభ్రంగా ఉన్న బల్లని మళ్లీ తుడిచింది. "ఎందుకడుగుతున్నావు?"

పదకొండింటికి తైస్తో వంటింట్లో నలుగురు కూర్చున్నారు. హెల్కా, సైమి, రెయినో, తైస్తో. అదే బల్ల. ఆకురాయి గీతలు ఇంకా ఉన్నాయి. తైస్తో అందరికీ కాఫీ పోశాడు. తను తాగలేదు.

"పెద్దాయనా, కారు మీ షెడ్డులో ఉంది. కదా?"

"ఉంది."

"నేను వైరు చూసి కనుక్కున్నా. దొంగైతే పీకి పారేస్తాడు. మీరు చుట్టి పెట్టారు."

"పారేస్తే పాడవుతుంది కదమ్మా."

"అయితే ఇందులో ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది." హెల్కా రెయినో వైపు తిరిగింది. "వైరు చుట్టింది తైస్తో. టైమర్ పెట్టింది నువ్వు. ఇంజిన్ విప్పి గుట్టు చూద్దామనుకున్నోడు తెల్లారగట్ల దాన్ని వేడి చెయ్యడు. చల్లగా ఉండగానే విప్పుతాడు. నువ్వు వేడి చేశావంటే పొద్దున్నే నడపాలనుకున్నావు. ఎక్కడికి?"

"ట్రెయిలర్ మీదికి."

"ట్రెయిలర్ ఎక్కడికి?"

రెయినో కప్పులోకి మాట్లాడాడు. "ఇక్కడికే."



"పొద్దుట్నుంచి చీటీ వేసిన పదకొండు మందికి ఫోన్ చేశా," అంది హెల్కా. "అందరిదీ ఒకటే పాట. 'నేనైతే తైస్తోకి తిరిగిద్దామని చీటీ వేశా, మిగతా వెధవలే కొట్టేద్దామని వేశారు.' పన్నెండో చీటీ నాదే."

తైస్తో బల్ల మీది గీతల్ని వేలితో తడిమాడు. "నిన్ననే ఓ మాట చెప్పొచ్చు కదరా రెయినో."

"అంతమందిలో ఏం చెప్తాం? మీరైనా అడగాల్సింది."

"అమ్మేసినదాన్ని ఎలా అడుగుతామయ్యా?"

ఇద్దరికీ అది సరైన సమాధానమే అనిపించింది.

రెయినో లేచాడు. "సరే. కారు మీది. కంప్లైంట్ లేదు. పదండి, ఓసారి స్టార్ట్ చేసి విందాం."

తైస్తో లేవలేదు.

"స్టార్టవదు."

"నాన్నా?" అంది సైమి.

"రేసులో పెట్రోలు దాదాపు అయిపోయింది. గడ్డి మిషన్ డబ్బాలో ఉన్నది పోశా. మీ అన్నకి ఓసారి వినిపించి తిరిగి పెట్టేద్దామనుకున్నా. పాలు పితకడం అయ్యేలోపు. సమాధుల గుట్ట ఎక్కిస్తుంటే టకటకమంది. రేసు ఇంజిన్ కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నా. ఇంకా తొక్కా. గేటు కనపడుతోంది. అక్కడ పోయింది. ట్రాక్టర్‌తో లాక్కొచ్చా."

సైమి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తైస్తో కూతురి వైపు చూడకుండా అడిగాడు.

"గేటు దగ్గర్నుంచి వాడికి వినపడుద్దంటావా?"



"పక్క జిల్లాలో కిటికీలు అదురుతాయి పెద్దాయనా," అంది హెల్కా. "గేటవతలకి వినపడదా?"

ఆమె రిపోర్టులో "కారు దొరికింది" అని రాసింది. ఇంజిన్ సంగతి రాయలేదు.

మంగళవారం పొద్దున మైనస్ పదకొండు. తైస్తో ఇంటి ముందు నుంచి పోతూ హెల్కా జీపు ఆపింది. హీటర్ స్తంభం నుంచి వైరు షెడ్డు తలుపు కిందుగా లోపలికి పోయింది. టైమర్ ఐదుకి పెట్టుంది.

హెల్కా లోపలికెళ్లి, నడవని ఆ కారు బానెట్ మీద చెయ్యేసింది.

వెచ్చగా ఉంది.

తలుపు నెమ్మదిగా దగ్గరకేసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.