మాచర్ల షెడ్డులో గొరిల్లా పిల్ల

1985. మధ్యాహ్నం పన్నెండున్నర. నరసరావుపేట బస్టాండులో సోడా తాగుతున్న ఇన్‌ఫార్మర్ ఉన్నట్టుండి కూలిపోయాడు. కాల్చిన తుపాకీకి సైలెన్సర్ ఉంది. ఎవరికీ ఏమీ వినపడలేదు.

"మాచర్ల... రాళ్ల షెడ్డు... మూడింటికి లారీ," అని ఏజెంట్ ఏసోబు చెవిలో చెప్పి కన్నుమూశాడు.

జీపెక్కి వైర్‌లెస్ అందుకున్నా ఏసోబు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"స్మగ్లర్ హెర్మన్ గ్యాంగ్ దాచింది పర్వత గొరిల్లా పిల్లని," అన్నాడు చీఫ్. "దానికోసం రువాండా కొండల్లో అడ్డమొచ్చిన పెద్దవాటన్నిటినీ కాల్చేశారు. అక్కడ మిగిలినవి మూడొందలు కూడా లేవు. రేపు మద్రాసులో షిప్ ఎక్కిస్తారు. లోపల మన మనిషి ఉంది. కోడ్ 'పేటలో పత్తి తడిసింది'."

రెండుంబావుకు ఒళ్లంతా రాతిపొడి పూసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని షెడ్డులో దూరాడు ఏసోబు.

"ఏందిరా, కొత్తోడివా?" అన్నాడు మేస్త్రీ.

"అవునయ్యా. వినుకొండ నుంచొచ్చా."

మేస్త్రీ అటు తిరగ్గానే వెనకగదిలోకి జారుకున్నాడు. చెక్కపెట్టె సందుల్లోంచి రెండు నల్లని కళ్లు చూస్తున్నాయి. ఏసోబు తుమ్మాడు. మెడకు చల్లగా పిస్టల్ తగిలింది.

"కదలమాక."

పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఫైల్లో ఫొటో చూసిన మనిషే, హెర్మన్ సెక్రటరీ కుల్సుం! ఏసోబు చేతులు పైకెత్తాడు.

"జలుబా?"

"రెండ్రోజుల్నుంచి."

"ముందు మూతికి గుడ్డ కట్టుకో. మన జలుబు అంటితే అది చచ్చుద్ది," అని పిస్టల్ దించింది. "పేటలో పత్తి తడిసింది."

ఆ మాట గుమ్మంలో ఉన్న హెర్మన్ విన్నాడు, ఆమె దించిన పిస్టల్ చూశాడు. సాక్ష్యం మిగలకూడదని జేబులో రిమోట్ నొక్కి, తలుపు బయట గడియ వేసి పరుగు తీశాడు. పెట్టె కింద టిక్ టిక్ మొదలైంది. క్వారీలో రాళ్లు పేల్చే జిలెటిన్! గడియారంలో ముప్ఫై సెకన్లు.

ఏసోబు పెన్ను క్యాప్ తిప్పాడు. కటర్ బయటికొచ్చింది. తీగలు మూడున్నాయి.

"ఏది?"

"తెలవదు," అంది కుల్సుం.

సందులోంచి చిన్న చెయ్యొకటి వచ్చి ఏసోబు వేలు గట్టిగా పట్టుకుంది. చెమట కళ్లలోకి దిగుతోంది. బ్యాటరీ నుంచి వచ్చే తీగ ఏదో వెతికి పట్టుకుని, కళ్లు మూసుకుని కత్తిరించాడు.

టిక్ టిక్ ఆగింది. ఇంకొక్క సెకనే మిగిలి ఉంది.

బయట పోలీసు విజిళ్లు. గేటు దగ్గర హెర్మన్ దొరికిపోయాడు.

కుల్సుం పెట్టె తెరిచి పిల్లను ఎత్తుకుంది. అది ఏసోబు వేలు వదల్లేదు.

"అబ్బ, ఇంకా వణుకుతానే ఉంది," అంది జాలిగా.

"అది కాదు," అన్నాడు ఏసోబు. "నేను."