ప్రశాంత్ గేమ్ హ్యాంగయింది

"సిద్రా ప్రాణం ఈ డబ్బాలనే ఉంది," అంది చీఫ్ మనోరమ, అరచేతిలో పట్టే వీడియోగేమ్‌ను బల్ల మీద పెడుతూ. "రామ్‌కిషన్ విదేశీ ముఠా మనిషి. దొంగిలించిన రాడార్ చిప్ ఆయన ఇనప్పెట్టెల ఉంది. మనం పగలగొడితే చిప్ కాలిపోతది. మన సిద్రాను తన మనిషే అనుకుంటున్నడు. గేమ్‌ల దాచిన దొంగ మ్యాప్ చూస్తే, చిప్ దాటించే దారి దొరికిందని తనే పెట్టె తెరుస్తడు. కోడ్‌వర్డ్ సొంటి. అది వినంగనే తాహా దూకాలె."

"గేమ్ నేనే రాసిన మేడమ్," అన్నాడు ప్రశాంత్. "ఇదే డబ్బాల ఎన్నోసార్లు ఆడిన."

సిద్రా అతన్ని చూసి మురిపెంగా నవ్వింది. ఏజెంట్ తాహాకు ఒళ్లు మండింది. డబ్బాలో దూర్చిన అదే గేమ్ కార్ట్రిడ్జ్‌లో తను రాసిన పాము ఆట కూడా ఉంది. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

"నీ పాము గూడ మంచిగనే ఉంది తాహా," ఓదార్చాడు ప్రశాంత్. "రోజూ ముందు అదే ఆడత. వేళ్లు వదులైతయ్."

ఆ ఓదార్పుకు తాహాకు ఇంకా కాలింది.

జహీరాబాద్ హైవే పక్కన అల్లం గోదాము. బయట హమాలీ వేషంలో తాహా. అతని చెవిలోనూ, సిద్రా చెవిలోనూ దాచిన ఇయర్‌పీస్‌లు. లోపల సిద్రా గేమ్ ఆన్ చేసింది.

"గిదేంది? అన్నీ పిచ్చి గీతలే!" రామ్‌కిషన్ గొంతు. పిస్తోలు లాగిన చప్పుడు. "నన్నే మోసం జేస్తవా?"

ప్రశాంత్ గేమ్ హ్యాంగయింది! తాహాకు ఎగిరి గంతేయాలనిపించింది. మరుక్షణమే తన మీద తనకే అసహ్యం వేసింది. ప్రశాంత్ గేమ్ రాసింది కంప్యూటర్ ఎమ్యులేటర్‌లో, అంటే డబ్బాకు నకలులో; అక్కడ మెమరీ ఖాళీగా మొదలవుతుంది. అసలు డబ్బాలో మాత్రం ఆన్ చేయగానే మెమరీ నిండా పనికిరాని చెత్త అంకెలుంటాయి. వాటిని తుడవడం ప్రశాంత్ మరిచాడు. రోజూ అతను ముందు ఆడే పాము ఆట వాటిని తుడిచిపెట్టేది కాబట్టి ఇన్నాళ్లూ అతని గేమ్ నడిచింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే ప్రశాంత్ పరువు పోతుంది. సిద్రా కూడా పోతుంది.

"సిద్రా!" మైకులో గుసగుసలాడాడు తాహా. "రీసెట్ కొట్టు. ముందు నా పాము పెట్టు. అది చచ్చినంక మెనూకొచ్చి ప్రశాంత్‌ది పెట్టు."

"ఆగు భాయ్," లోపల సిద్రా నవ్వు. "డబ్బా జర సతాయిస్తది."

పాము గోడకు గుద్దుకుంది. రెండో ఆట మొదలైంది. తెర మీద మ్యాప్ వెలిగింది. ఇనప్పెట్టె క్లిక్కుమంది.

"సొంటి ధర గూడ పెరిగిందట భాయ్!"

తలుపు తన్ని తాహా విసిరిన అల్లం మూటకు రామ్‌కిషన్ పిస్తోలుతో సహా వెల్లకిలా పడ్డాడు.

సంకెళ్లు వేస్తుంటే సిద్రా చిప్ తీసి ముద్దు పెట్టుకుంది. "ప్రశాంత్ గేమ్ గజబ్ ఉంది తాహా! ఫోన్ జెయ్, థ్యాంక్స్ చెప్త."

"ఈడ సిగ్నల్ లేదు," అన్నాడు తాహా, గీతలన్నీ నిండుగా ఉన్న ఫోన్‌ను జేబులోకి తోసేస్తూ.