కప్పు చెప్పనిది

ఆదివారం పొద్దున ఏడు గంటలకల్లా కొలాచీ బన్నుల పిండి గిన్నె అంచు దాటి పొంగింది. వెర్లీన్ చేతులకు పొడిపిండి అద్దుకుని ముద్దలు చేసి, ఒక్కో ముద్ద నడుమ బొటనవేలితో గుంట నొక్కుతోంది. పక్క పొయ్యి మీద పాలల్లో గసగసాలు, పంచదార కలిసి దగ్గరపడుతున్నాయి. పది గంటల ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో పరిచే బల్ల మీదికి నాలుగు డజన్లు ఆమె వంతు.

పశువుల కొట్టం దగ్గర్నుంచి వచ్చిన భర్త రోలీ, బూట్లు గుమ్మం బయటే విడిచి, నిన్నటి కొలాచీ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"గసగసాలు తిన్నాను, నల్లమందు మొక్కవే కదా. రేపు మీ క్లినిక్‌కి వస్తే నన్ను పట్టేస్తారా?"

"ట్రక్కు డ్రైవర్లందరూ చెప్పే సాకే అది. నువ్వయినా కొత్తది కనిపెట్టు."

తొమ్మిదేళ్ళుగా వెర్లీన్ ఉద్యోగం అదే. ఊళ్ళో క్లినిక్‌లో, మత్తుమందుల పరీక్షకొచ్చే డ్రైవర్ల దగ్గరా రైల్వే వాళ్ళ దగ్గరా మూత్రం నమూనాలు తీసుకోవడం. జేబులు ఖాళీ చేయించాలి. ఎవరూ నీళ్ళు కలపకుండా కుళాయి కట్టేయాలి, కమోడ్‌లో నీలం బిళ్ళ వెయ్యాలి. తలుపు బయట నిలబడి వినాలి. కప్పు చేతికొచ్చిన నాలుగు నిమిషాల్లో దాని మీది పట్టీ చూసి వేడి సరిగ్గా ఉందో లేదో రాయాలి. ఇందులో ఏ ఒక్కటీ ఆమె ఏనాడూ తప్పలేదు. ఎవరి పేరూ ఇంట్లో చెప్పేది కాదు గానీ, రాత్రి భోజనాల దగ్గర వాళ్ళు చెప్పిన సాకులు మాత్రం కథలుగా వచ్చేవి. ప్రతి కథా చివర ఒకటే మాట: "మనుషులు అబద్ధమాడతారు, కప్పు ఆడదు."

ఆ మాటకు సాక్ష్యాలన్నట్టు ఫ్రిజ్ తలుపు మీద నాలుగు ఉత్తరాలు, విత్తనాల కంపెనీ అయస్కాంతం కింద వరసగా ఉన్నాయి. అవి కూతురు కెండ్రావి. నలభై మైళ్ళ దూరంలో కాలేజీలో మూడో ఏడు చదువుతోంది. తీగ చివర ఇనుప గుండు పట్టుకుని గిరగిరా తిరిగి విసిరే హ్యామర్ ఆటలో స్కాలర్‌షిప్ మీద ఉంది. ఏడాదిన్నర కిందట కాలేజీ వాళ్ళు చేసిన పరీక్షలో గంజాయి బయటపడింది. మొదటిసారి కాబట్టి హెచ్చరించి వదిలేశారు. రెండోసారి అయితే సగం ఏడాది ఆట లేదు, స్కాలర్‌షిప్ సంగతి మళ్ళీ చూస్తామన్నారు. సొంత తండ్రి పోయినప్పుడు కూడా కళ్ళు తడవని రోలీ, ఆరోజు ట్రాక్టర్ షెడ్డులోకి వెళ్ళి గంటసేపు బయటికి రాలేదు. ఆ తర్వాత చెప్పాపెట్టకుండా నాలుగుసార్లు పరీక్షించారు. నాలుగుసార్లూ ఏమీ లేదని తేలింది. ఉత్తరం వచ్చిన ప్రతిసారీ రోలీ ఊరి రైతులు చేరే ధాన్యం గిడ్డంగికి వెళ్ళి, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పి వచ్చేవాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. శుక్రవారం సాయంత్రం కబురైనా లేకుండా దిగిన కెండ్రా, ఇప్పుడు తండ్రి పాత స్వెటర్ వేసుకుని వంటింట్లోకి వచ్చింది.

"లేచావా, నా ఫిరంగీ? ఐదు వారాల్లో పోటీలు. ఇవాళ మన వృత్తంలో నాలుగు విసురులు విసురు, నేను కొలుస్తా," అన్నాడు రోలీ. షెడ్డు వెనక కాంక్రీటు పోసి, పాత ఇనుప వలతో ప్రహరీ కట్టి, కూతురికి పదేళ్ళప్పుడు అతను చేసిన వృత్తం అది. ఒక మూల కెండ్రా చిన్నప్పటి అరచెయ్యి ముద్ర ఇంకా ఉంది.

"ఇవాళ వద్దు నాన్నా."

"ఏం, తుంటి నొప్పా?"

"అదే అనుకో."

కెండ్రా కాఫీ కప్పు అందుకుంది. కాఫీ తొణికి బల్ల మీద పడింది. రెండు చేతులతో పట్టుకుంది, అయినా వణుకు ఆగలేదు. బయట మంచు ఇంకా కరగలేదు, ఆ పిల్ల మెడ మాత్రం చెమటతో మెరుస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

వెర్లీన్ పిండి చెయ్యి తుడుచుకోకుండానే కూతురి మణికట్టు పట్టుకుంది. పొయ్యి మీది గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. నిమిషానికి నూట ముప్పై దాటింది.

"ఎప్పుడు కాల్చావు?"

"అమ్మా..."

"ఎప్పుడు కాల్చావని అడిగాను."

"గంజాయి ముట్టి ఏడాదిన్నర అయింది. ఒట్టు."

"నా దగ్గరికొచ్చే ప్రతివాడూ ఒట్టే పెడతాడు."

రోలీ కుర్చీ వెనక్కి తోశాడు. "వెర్లీ, ఇది ఇల్లు. క్లినిక్ కాదు. ఆ ఉత్తరాలు కనిపించడం లేదా నీకు?"

"చివరి ఉత్తరం పోయిన నెలది. ఈ వణుకు ఇవాళ్టిది." వెర్లీన్ అప్పటికే అల్మారా పై అర వెతుకుతోంది. ఏడాదిన్నర కిందట మందుల షాపులో కొని, సీలు తీయకుండా దాచిన కప్పు అక్కడే ఉంది. "పద. నేను తప్పయితే పది గంటలకు చర్చి మెట్ల మీద అందరి ముందూ నీకు క్షమాపణ చెప్పుకుంటాను."

"కన్నకూతురి చేత..." అంటూ రోలీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

వెర్లీన్ ఏ ఒక్కటీ తప్పలేదు. స్వెటర్ విప్పించింది. బాత్రూంలో బేసిన్ కింద మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు కట్టేసింది. కమోడ్‌లో నీలం బిళ్ళ వేసింది. తలుపు బయట నిలబడింది. లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తొమ్మిదేళ్ళుగా ఎన్ని తలుపుల బయట నిలబడిందో గానీ, తలుపు చెక్క పట్టుకుని నిలబడడం ఇదే మొదటిసారి.

కప్పు వెచ్చగానే ఉంది. వంటింటి బల్ల మీద పెట్టి ముగ్గురూ చూశారు. ఒక్కో మందుకి ఒక్కో గీత. గీత వస్తే ఆ మందు లేనట్టు. ఒకటి వచ్చింది. రెండోది వచ్చింది. ఐదు నిమిషాల్లో ఐదు గీతలూ తేటగా తేలాయి.

"చూశావా!" రోలీ బల్ల చరిచాడు. "పిల్లకి జ్వరమో ఏమో, అంతే! దీన్ని కూడా ఫ్రిజ్ మీద పెడతాను, ఐదోది!"

వెర్లీన్ కుర్చీలో కూలబడింది. ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది. కూతురి రెండు చేతులూ దగ్గరికి తీసుకుంది.

"నన్ను క్షమించు తల్లీ. నా బుద్ధి గడ్డి తిన్నది. పొద్దున్నే నిన్ను దొంగలా నిలబెట్టాను. నా పిల్ల మాట నేనే నమ్మకపోతే..."

"అలా అనకమ్మా." కెండ్రా చేతులు లాక్కుంది. "తిట్టు, పడతాను. క్షమించమని మాత్రం అడక్కు. అది అందులో కనపడదు."

"ఏది కనపడదు?" అన్నాడు రోలీ, ఇంకా నవ్వుతూనే.

"పెట్రోలు బంకుల్లో అమ్ముతారు నాన్నా. చూయింగ్ గమ్ పక్కనే. చిన్న వెండి పొట్లం. ధూపం అని రాసి ఉంటుంది, మనుషులు వాడరాదని కూడా ఉంటుంది. జట్టులో ఇంకా ఇద్దరు కాలుస్తారు. గంజాయి అయితే వారాల తరబడి ఒంట్లో ఉండి పట్టిచ్చేస్తుంది. ఇది పరీక్షకి దొరకదు. తుంటి నొప్పికి నిద్రపట్టక మొదలుపెట్టాను. ఇప్పుడు అది లేకపోతే ఇదిగో, ఈ వణుకు. తిన్నది కడుపులో నిలవడం లేదు."

"దొరకదని నీకెవరు చెప్పారు?" వెర్లీన్ గొంతు క్లినిక్ గొంతులా గట్టిగానే వచ్చింది. "ఏ వెధవ చెప్పాడు?"

కెండ్రా బల్ల మీద తొణికిన కాఫీని వేలితో గీస్తూ కూర్చుంది.

"అడుగుతున్నాను కదా!"

"నువ్వే అమ్మా. ఈ బల్ల దగ్గరే. గంజాయి బయటపడిన ఏడు, టర్కీ కోడి కోసుకున్న పండగ రోజున."

వెర్లీన్‌కి ఆ పండగ రోజు కళ్ళకు కట్టింది. బంధువులు పదిమంది. నడవడానికే తూలుతున్న డ్రైవర్ ఒకడి కథ చెప్పింది తను. ఎండుటాకుల మీద ఏదో రసాయనం చల్లి గంజాయికి నకలుగా అమ్ముతారనీ, నా కప్పు వెతికేది ఒకటైతే వాడి ఒంట్లో ఉన్నది ఇంకొకటనీ, ఏమీ లేదని రాసి పంపాల్సి వచ్చిందనీ చెప్పింది. "ఆ పొట్లం కాల్చి నా ముందు నిలబడితే పోప్ గారంత పవిత్రంగా బయటికి నడిచిపోవచ్చు," అంది. అందరూ విరగబడి నవ్వారు. నవ్వించినందుకు మురిసిపోయింది కూడా. బల్ల చివర, గంజాయి తలవంపు ఇంకా ఆరని పంతొమ్మిదేళ్ళ పిల్ల నవ్వకుండా వింటోందని చూసుకోలేదు. అంత కథ చెప్పిన తనకే ఇవాళ ఐదు గీతలు కనబడగానే అదంతా మరుపున పడింది.

"నీ తప్పని కాదమ్మా, నువ్వడిగావని చెప్పాను," అంది కెండ్రా. "ఇంకోటుంది. గురువారం సాధనలో తిరుగుతున్నాను. రెండో చుట్టు వరకే గుర్తుంది. తర్వాత కళ్ళు తెరిస్తే నేల మీద ఉన్నాను. గుండు ఇనుప స్తంభానికి తగిలి, అవతల టేపు పట్టుకుని నిలబడ్డ పిల్ల పక్కన పడింది. గజం దూరం. కొత్తగా చేరిన పిల్ల నాన్నా, క్యాలీ అని. తీగ జారిందనుకుని కోచ్ నా చేతి గ్లవ్ మార్చమన్నారు. క్యాలీయే వచ్చి నన్ను లేపింది. దెబ్బ తగిలిందా అని నన్నే అడిగింది."

పొయ్యి మీద గసగసాలు అడుగంటిన వాసన వచ్చింది. రోలీ లేచి మంట ఆర్పాడు. గరిటె అక్కడే పెట్టి, వీపు ఇటు పెట్టే మాట్లాడాడు.

"సరే. ఇవాళ్టితో మానేస్తుంది. మనం దగ్గరుండి మాన్పిద్దాం. ఐదు వారాలు ఉన్నాయి. నాలుగు ఉత్తరాలూ బాగున్నాయి. ఎవరికీ తెలియదు."

"మనకి తెలిసింది," అంది వెర్లీన్.

"మనం ముగ్గురం నోరు మూసుకుంటే..."

"నేను నోరు తెరిచినందుకే ఇంత దూరం వచ్చింది రోలీ. మూసుకుంటే ఇంకెంత దూరం పోతుందో! ఆ పిల్ల గజం ఇవతల నిలబడి ఉంటే వాళ్ళమ్మ ఇవాళ ఏ చర్చిలో ఉండేది?"

"స్కాలర్‌షిప్ పోతుంది వెర్లీ! పదేళ్ళు! మంచులో, బురదలో, నేనూ ఇదీ పదేళ్ళు ఆ వృత్తంలో..."

"పిల్ల పోతే ఆ వృత్తంలో ఎవరు తిరుగుతారు? నువ్వా?"

రోలీ ఉలిక్కిపడి తిరిగి చూశాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె అంత మాట ఎప్పుడూ అనలేదు.

కెండ్రా తల వంచుకునే చెప్పింది. "స్కాలర్‌షిప్ ఉంటుందేమో నాన్నా. పరీక్షకి పిలుపు రాకముందే మనంతట మనం వెళ్ళి చెప్పుకుంటే శిక్ష ఉండదు, వైద్యం చేయిస్తారు. డాక్టరు సరేననే వరకు ఆడనివ్వరు. అంటే ఈ ఏడు ఆట ఉండదు. కాగితం మీద ఉంది, నేను చదివాను."

"ఎప్పుడు చదివావు?"

"క్రిస్మస్ ముందు."

"మూడు నెలలు! మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

కెండ్రా ఫ్రిజ్ వైపు చూసింది. మళ్ళీ కిందికి చూసింది.

"మూడో ఉత్తరం అప్పుడే వచ్చింది నాన్నా. నువ్వు దాన్ని జేబులో పెట్టుకుని గిడ్డంగికి వెళ్ళావు."

రోలీ ఫ్రిజ్ దగ్గరికి నడిచి అయస్కాంతం తీశాడు. నాలుగు ఉత్తరాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగుగా మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలోనే ఉంచుకున్నాడు. కూతురి కుర్చీ దగ్గర చతికిలబడి ఆ పిల్ల మోకాలి మీద నుదురు ఆనించాడు.

"కాగితాలు చూస్తూ కూర్చున్నాను. మొహం చూడలేదు," అన్నాడు. "నువ్వు విసిరినా విసరకపోయినా నా ఫిరంగీవేనే పిచ్చిదానా. ఆమాత్రం చెప్పలేకపోయానా నేను?"

కెండ్రా తండ్రి జుట్టులో వేళ్ళు పెట్టి ఏడ్చింది. వెక్కిళ్ళు తగ్గాక లేచి, ఫోన్ తీసుకుంది.

"కోచ్‌కి నేనే చెబుతాను. ఒక్క నిమిషం, ముఖం కడుక్కుని వస్తాను."

బాత్రూం తలుపు మూసుకుంది. వెర్లీన్ కాళ్ళు అలవాటుగా ఆమెను ఆ తలుపు బయటికే తీసుకెళ్ళాయి. లోపల కుళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు రాలేదు. మళ్ళీ తిప్పింది. రాలేదు. ఆ పిల్ల అమ్మని పిలవలేదు, నీళ్ళడగలేదు. పొడి కుళాయి ముందు ఊరికే నిలబడినట్టుంది.

లోపలివాళ్ళు బయటికొచ్చే వరకు ఆ తలుపు తెరవకూడదన్నది వెర్లీన్ తొమ్మిదేళ్ళ నియమం. ఆమె తలుపు తోసి లోపలికి వెళ్ళింది. బేసిన్ కింద మోకాళ్ళ మీద కూర్చుంది. తన చేతులతో కట్టేసినదే, తన చేతులతోనే తిప్పింది. కుళాయి రెండుసార్లు దగ్గి నీళ్ళు వదిలింది. కమోడ్ మీట నొక్కితే ఆ నీలం కూడా సుడి తిరిగి పోయింది.

కెండ్రా దోసిళ్ళతో ముఖం మీద నీళ్ళు చల్లుకుంటుంటే, వెర్లీన్ వెనక నిలబడి చిన్నప్పటిలా జుట్టు పట్టుకుంది. అరచేతి కింద ఆ పిల్ల వీపు, గుండె దడకి ఇంకా అదురుతూనే ఉంది.

"కోచ్‌తో మాట్లాడాక తిన్నగా ఆస్పత్రికి. నేను నడుపుతాను. మీ నాన్న వెనక కూర్చుంటాడు."

"మరి చర్చి బల్ల? నీ నాలుగు డజన్లు?"

"ఒక్క ఆదివారానికి వాళ్ళు కొన్న బిస్కెట్లు తింటారులే."

ఏడుపులోనే కెండ్రా పెదవుల మీద ఒక నవ్వు మెరిసి పోయింది. ఫోన్‌లో నంబరు నొక్కింది. అవతల గంట మోగుతోంది. వెర్లీన్ తువ్వాలు ఆమె భుజం మీద వేసి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడదామని కదిలింది.

"వెళ్ళకమ్మా," అంది కెండ్రా. "లోపలే ఉండు."

వెర్లీన్ స్నానాల తొట్టి అంచు మీద కూర్చుంది. గుమ్మంలో రోలీ, మడిచిన ఉత్తరాలు ఇంకా గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

"కోచ్, నేను కెండ్రా హవెల్కాని. గురువారం తీగ జారలేదండీ..."